మంచం దిగలేని రోజు పిల్లిని చూసేదెవరు? ఒక అసిస్టెన్స్ యానిమల్ కేసు

ఈ కేసు రాస్తానని చెప్పి ఆ అమ్మాయి దగ్గర అనుమతి తీసుకున్నాను. ఆమె చదువు, ఊరు, పిల్లి రంగు, కొన్ని తేదీలు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ డిసెబిలిటీ ఆఫీసులో పనిచేస్తున్నాను. పరీక్షలో అదనపు సమయం మొదలుకొని హాస్టల్ గదిలో జంతువును ఉంచుకోవడం దాకా, వైకల్యం ఉన్న విద్యార్థికి ఏ సదుపాయం ఇవ్వాలో తేల్చేది మా ఆఫీసు. జంతువుల కేసులు చాలావరకు ఏ గొడవా లేకుండా సాగిపోతాయి. ఏడాది చివర గది ఖాళీ చేసేటప్పుడు తప్ప ఆ ఫైళ్లు మళ్లీ తెరవాల్సిన పని పడదు. ఈ ఫైలు మాత్రం ఆ ఏడాది దాదాపు ప్రతి వారం నా బల్ల మీదే ఉంది. ఆ అమ్మాయి నిర్లక్ష్యమే కారణమని మొదట అందరం అనుకున్నాం. నేను కూడా.

నేపథ్యం

ముందు ఒక తేడా చెప్పాలి. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు తరచూ తికమకపడేది ఇక్కడే. సర్వీస్ యానిమల్ వేరు, ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ వేరు. 1990 నాటి అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ చట్టం కింద 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం సర్వీస్ యానిమల్ అంటే కుక్కే. వైకల్యానికి సంబంధించిన ఒక ప్రత్యేకమైన పని చేసేలా దానికి శిక్షణ ఇచ్చి ఉండాలి. పొట్టి జాతి గుర్రాలకు మాత్రం విడిగా ఒక నిబంధన ఉంది. చూపు లేనివారికి దారి చూపే కుక్క క్లాసుకైనా, లైబ్రరీకైనా, భోజనశాలకైనా వస్తుంది. ఎమోషనల్ సపోర్ట్ యానిమల్‌కు అలాంటి శిక్షణ అక్కర్లేదు. అది పక్కన ఉండటమే సాయం. పిల్లి కావచ్చు, కుందేలు కావచ్చు. దానికి రక్షణ దొరికేది ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద. 1968లో వచ్చిన ఆ చట్టంలో వైకల్యాన్ని 1988 సవరణలో చేర్చారు. అది ఇంటికి సంబంధించిన చట్టం కాబట్టి ఈ హక్కు కూడా ఇంటి గడప వరకే. గదిలో ఉంచుకోవచ్చు, క్లాసుకు తీసుకెళ్లే హక్కు లేదు. నివాసం విషయానికి వచ్చేసరికి ఈ రెండు రకాలనూ కలిపి అసిస్టెన్స్ యానిమల్ అంటాం.

యూనివర్సిటీ హాస్టల్ కూడా ఈ చట్టం దృష్టిలో ఇల్లేనా అన్న ప్రశ్న కొన్నేళ్లు నలిగింది. నెబ్రాస్కా యూనివర్సిటీ కార్నీ క్యాంపస్‌లో ఒక విద్యార్థినికి కుక్కను ఉంచుకునే అనుమతి ఇవ్వలేదని కేంద్ర న్యాయశాఖ 2011లో కేసు వేసింది. విద్యార్థుల నివాసాలకూ ఈ చట్టం వర్తిస్తుందని 2013లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 2015లో ఆ కేసు 1,40,000 డాలర్ల పరిహారంతో రాజీ అయింది. మా లాంటి ఆఫీసులన్నీ తమ నిబంధనలు తిరగరాసుకోవడానికి ఆ కేసు ఒక పెద్ద కారణం.

ఇక ఆ అమ్మాయి సంగతి. రెండో సంవత్సరం విద్యార్థిని. తీవ్రమైన డిప్రెషన్, దాంతోపాటు పానిక్ అటాక్‌లు. తనకు చాలాకాలంగా వైద్యం చేస్తున్న థెరపిస్టు దగ్గర్నుంచి ఉత్తరం తెచ్చింది. డబ్బు కడితే ఆన్‌లైన్‌లో వచ్చే సర్టిఫికెట్లు, రిజిస్ట్రేషన్ కార్డులు మా దగ్గరికి చాలా వస్తుంటాయి. ఎమోషనల్ సపోర్ట్ జంతువులకు ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ ఏదీ లేదు, కాబట్టి ఆ కార్డుల వల్ల మాకు తెలిసేదేమీ ఉండదు. ఈమె ఉత్తరం అలాంటిది కాదు. వ్యాధి రోజువారీ జీవితంలో దేన్ని అడ్డుకుంటోందో, పిల్లి దగ్గరుంటే ఏం మారుతుందో స్పష్టంగా రాసి ఉంది. పిల్లికి మూడేళ్లు, మగది, న్యూటర్ (సంతానం కలగకుండా ఆపరేషన్) చేయించినది. రెండేళ్లుగా ఇంట్లో ఆమె దగ్గరే ఉంటోంది. అనుమతి ఇవ్వడానికి నాకు పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అంటాను.

ఆమెకిచ్చిన యూనిట్‌లో నాలుగు పడక గదులు, ఒక హాలు, రెండు బాత్రూములు. నలుగురు అమ్మాయిలు, ఎవరి గది వాళ్లది. పిల్లి వచ్చే ముందు ఆరు పేజీల ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాం. రేబిస్ టీకా పత్రం ఇవ్వాలి. లిట్టర్, అంటే పిల్లి మలమూత్రాల కోసం పెట్టెలో పోసే ఇసుకలాంటి పదార్థం, అందులోని మలినాన్ని రోజూ తీయాలి, సంచి కట్టి బయటి డస్ట్‌బిన్‌లో వేయాలి. రాత్రి పూట పిల్లిని హాస్టల్‌లో ఇంకొకరికి అప్పగించి ఊరెళ్లకూడదు. పెంపుడు జంతువుల డిపాజిట్ గానీ ఫీజు గానీ చట్టప్రకారం తీసుకోకూడదు కాబట్టి తీసుకోలేదు. ఏదైనా పాడైతే మాత్రం ఏ విద్యార్థి దగ్గరైనా వసూలు చేసినట్టే ఆమె దగ్గరా చేస్తాం. చివరి పేజీలో, నిబంధన మీరితే జంతువును తీసేయాల్సి రావచ్చని ఉంది. ఇరవై నిమిషాలు కూర్చుని ఆ పేజీలన్నీ ఆమెతో చదివించాను. ఏమైనా సందేహాలున్నాయా అని అడిగాను. లేవంది. సంతకం పెట్టింది.

సమస్య మా దాకా వచ్చిన తీరు

అక్టోబరు మూడో వారంలో ఆ అంతస్తు చూసుకునే ఆర్‌ఏ (రెసిడెంట్ అసిస్టెంట్) రిపోర్టు రాసింది. యూనిట్ తలుపు తెరవగానే వాసన వస్తోంది. పిల్లి లిట్టర్ బాక్స్ ఇద్దరు వాడుకునే బాత్రూమ్‌లో ఉంది, దాన్ని కొన్ని రోజులుగా శుభ్రం చేసినట్టు లేదు. పక్క గది అమ్మాయికి ఉబ్బసం, ఆ వారంలో ఇన్‌హేలర్ మామూలు కంటే ఎక్కువసార్లు వాడాల్సి వచ్చింది. రెండు రోజుల తర్వాత ఇంకొకటి జరిగింది. సింకు బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్ తలుపు తీసిన సందులోంచి పిల్లి బయటికి దూకింది. కారిడార్ చివర మెట్ల కింద దూరితే పట్టుకోవడానికి గంట పట్టింది. ఆ గంటలో ఆ అమ్మాయికి పానిక్ అటాక్ వచ్చింది.

మర్నాడు హౌసింగ్ ఆఫీసు నుంచి ఒక నోటీసు ముసాయిదా నాకు వచ్చింది. 48 గంటల్లో పిల్లిని పంపేయాలని. నేను సరే అంటే ఆ నోటీసు ఆమెకు వెళ్లిపోతుంది.

నేను సరే అనలేదు. చట్టం వైపు నుంచి కారణం సూటిగానే ఉంది. ఒప్పుకున్న జంతువును తీసేయాలంటే, ఆ జంతువు వల్ల ఇతరుల ఆరోగ్యానికో భద్రతకో ప్రమాదం ఉందని, లేదా ఆస్తికి గట్టి నష్టం జరుగుతోందని ఆధారాలతో చూపించాలి. వేరే ఏర్పాట్లతో దాన్ని తగ్గించలేమని కూడా తేలాలి. మేం అప్పటికి ఏ ఏర్పాటూ ప్రయత్నించలేదు. కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పక్క గది అమ్మాయి. ఉబ్బసం కూడా వైకల్యం కిందికి రావచ్చు. ఒకరి అవసరం పెద్దది, ఇంకొకరిది చిన్నది అని నేను తూకం వేయకూడదు. పిల్లి విషయంలో నేను తీసుకునే గడువులో ప్రతి రోజూ ఆమె ఊపిరి మీదే పడుతుంది. అందుకే ముందు ఆమెతో మాట్లాడాను. తాత్కాలికంగా వేరే గది ఇస్తాం, ఇష్టమైతేనే అన్నాను. ‘తప్పు నాది కానప్పుడు నేనెందుకు కదలాలి?’ అంది. న్యాయమైన మాట. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

అప్పటికప్పుడు చేయగలిగినవి చేశాం. లిట్టర్ బాక్స్‌ను బాత్రూమ్ నుంచి పిల్లి ఉండే పడక గదిలోకి మార్పించాం. పిల్లి ఆ గది దాటి రాకూడదన్నాం. హాల్లోనూ ఉబ్బసం ఉన్న అమ్మాయి గదిలోనూ గాల్లోని సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్లు పెట్టించాం. ఇవి సగం పరిష్కారాలేనని తెలుసు. పిల్లి అలర్జీ వెంట్రుకల వల్ల వస్తుందనుకుంటారు చాలామంది. అసలు కారణం పిల్లి లాలాజలంలోను చర్మంలోను తయారయ్యే ఒక ప్రొటీన్, పేరు ఫెల్ డి 1. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడల్లా వెంట్రుకలకు పట్టుకుంటుంది. ఆరాక సన్నని కణాలుగా గాల్లో తేలుతుంది, బట్టలకు అంటుకుని పిల్లి అడుగుపెట్టని గదుల్లోకి కూడా వెళ్తుంది. మూసిన తలుపు దాన్ని తగ్గిస్తుంది, ఆపదు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మొదటి ప్రయత్నం తనిఖీలు. ప్రతి శుక్రవారం హౌసింగ్ నుంచి ఒకరు వెళ్లి గది చూడాలి. మూడు వారాలపాటు రిపోర్టులన్నీ బాగున్నాయని వచ్చాయి. అదే మూడు వారాల్లో పక్క గది అమ్మాయి రెండుసార్లు ఫిర్యాదు చేసింది, రెండూ మంగళ, బుధవారాల్లో. గురువారం రాత్రి పిల్లి ఉన్న అమ్మాయి తెల్లవార్లూ కూర్చుని గది కడుగుతోందని తర్వాత తెలిసింది. శుక్రవారం పొద్దున క్లాసులు పోయేవి. శని, ఆదివారాలు పడకే. తనిఖీ శుభ్రతను కొలవలేదు, ఆమె భయాన్ని కొలిచింది. రిపోర్టుకీ ఫిర్యాదుకీ పొంతన కుదరడం లేదని నేను మొదటి వారంలోనే గమనించాల్సింది. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉన్నాయి.

రెండో ప్రయత్నం వాళ్ల అమ్మ పంపిన ఆటోమేటిక్ లిట్టర్ బాక్స్. పిల్లి వెళ్లి వచ్చాక మోటారు తిరిగి తనే శుభ్రం చేసుకుంటుంది. మంచి ఆలోచనే అనిపించి నేను ప్రోత్సహించాను కూడా. ఆ మోటారు శబ్దానికి పిల్లి బెదిరింది. రెండో రోజు నుంచి ఆ బాక్స్ దగ్గరికి వెళ్లడం మానేసి మంచం కింద కార్పెట్ మీద పోయడం మొదలుపెట్టింది. దాంతో ఆమె సువాసన కలిపిన లిట్టర్ తెచ్చింది, గదిలో రూమ్ ఫ్రెషనర్ కొట్టింది. పిల్లి ముక్కు మన ముక్కు కంటే ఎన్నో రెట్లు చురుకు. ఆ ఘాటు దానికి నచ్చలేదు, ఉబ్బసం ఉన్న అమ్మాయికి అంతకంటే పడలేదు. కార్పెట్‌ను మామూలు సబ్బు నీళ్లతో కడిగితే పిల్లి మూత్రంలోని యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పోవు. తేమ తగిలితే వాసన మళ్లీ లేస్తుంది, ఆ వాసన పట్టుకుని పిల్లి మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఆ మరకలను ఎంజైములతో విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడాలని మాకెవరికీ తట్టలేదు.

మూడోది హెచ్చరిక లేఖ. నవంబరు మొదట్లో హౌసింగ్ వాళ్లు రాశారు, నేను చదివి ఒప్పుకున్నాను. మర్యాదగానే ఉంది. ఆ లేఖ అందాక ఆమె ఈమెయిళ్లకు జవాబివ్వడం మానేసింది.

మలుపు

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాను, ఈ కేసులో నాకు ముఖ్యమైనది అదే. తనిఖీకి కాకుండా మాట్లాడటానికి వస్తానని, కాగితాలేవీ తేనని మెసేజ్ పెట్టి వెళ్లాను. అప్పటిదాకా అందరం ఆమెను ఒకటే అడుగుతున్నాం, ‘లిట్టర్ రోజూ తీస్తున్నారా?’ అని. దానికి ఉన్న జవాబులు రెండే. అవునంటే అబద్ధం, కాదంటే పిల్లి పోతుంది. ఆ రోజు ఇలా అడిగాను: ‘పోయిన వారంలో మీకు అన్నిటికంటే కష్టంగా గడిచిన రోజు ఏది? ఆ రోజు పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం జరిగిందో చెప్తారా?’

మంగళవారం అంది. సోమవారం రాత్రి నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా మంచం దిగలేకపోయింది. పిల్లి ఆకలికి అరుస్తుంటే పడుకునే చెయ్యి చాచి సంచిలోంచి గుప్పెళ్లతో తిండి నేల మీద పోసింది. నీళ్ల గిన్నె ఎండిపోయింది. లిట్టర్ మూడు రోజులు తీయలేదు. ‘వాడి వైపు చూడ్డానికి సిగ్గేసింది. వాడికి నేను తప్ప ఎవరూ లేరు’ అంది. ఎవరికైనా ఒక్క మెసేజ్ పెట్టి ఉండాల్సింది కదా అన్నాను. ఆమె నాకేసి ఆశ్చర్యంగా చూసింది. ‘చెప్తే తీసేస్తారు కదా. మీరు చదివించిన కాగితంలో అలాగే ఉంది.’

ఆ మాట విన్నాక నాకు విషయం వేరుగా కనిపించింది. పిల్లి ఎందుకు కావాలో ఆమె థెరపిస్టు ఉత్తరంలో ఉంది: జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఆమె మంచం దిగలేకపోతుంది, పిల్లి ఆమెను దింపుతుంది. చాలా రోజులు అలాగే జరుగుతోంది కూడా, పొద్దున్నే తిండికోసం అది మొహం మీద చెయ్యి వేస్తే లేస్తోంది. కానీ జబ్బు బాగా ముదిరిన ఆ రెండు మూడు రోజుల్లో పిల్లి అవసరం ఆమెకు అన్నిటికంటే ఎక్కువ, పిల్లికి సేవ చేసే శక్తి అన్నిటికంటే తక్కువ. ఏ జబ్బును చూసి అనుమతి ఇచ్చామో ఆ జబ్బే లేదనుకుని బాధ్యతల పట్టీ రాశాం. ఆరు పేజీలూ ఆరోగ్యంగా ఉన్న రోజుకు రాసినవి. పైగా, కష్టం వచ్చిందని నోరు విప్పితే నష్టపోయేలా రాశాం. ఆమె దాచింది. ఆ స్థితిలో ఎవరైనా దాస్తారు.

మాటల మధ్యలో ఆమె ఇంకొకటి చెప్పింది, మామూలుగా. ‘ఇవాళ పొద్దుట్నుంచి వాడు బాక్స్‌లోకి పదే పదే వెళ్లి కూర్చుంటున్నాడు, ఏమీ రావడం లేదు.’ నేను పశువైద్యుణ్ని కాను. కానీ ఈ ఉద్యోగంలో ఒక సంగతి నేర్చుకున్నాను. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నం, అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. మర్నాడు పరీక్ష ఉందని ఆమె సందేహించింది. పరీక్ష సంగతి ప్రొఫెసర్‌తో నేను మాట్లాడతాను, మీరు ఇప్పుడే ఎమర్జెన్సీ క్లినిక్‌కు బయల్దేరండి అన్నాను. అదృష్టం, మూసుకుపోలేదు. మూత్రాశయం వాచింది, ఇన్ఫెక్షన్ లేదు. ఇలాంటి వాపుకు ఒత్తిడి పెద్ద కారణమని వెట్ (పశువైద్యురాలు) చెప్పింది. కొత్త మనుషుల రాకపోకలు, కొత్త శబ్దాలు, ఘాటు వాసనలు, దాక్కోవడానికి చోటు లేకపోవడం అని ఆవిడ ఒక్కొక్కటే అడుగుతుంటే, అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చిందట. శుక్రవారం తనిఖీ, మోటారు బాక్స్, సెంటు లిట్టర్. వాసన తగ్గించడానికని మేం చేసినవన్నీ పిల్లిని జబ్బు చేయించాయి, ఆ జబ్బు వాసనను పెంచింది.

పనిచేసినది

ముందుగా ఆమె రాతపూర్వక అనుమతితో థెరపిస్టును ఒక్క ప్రశ్న అడిగాను. ఈ పిల్లి ఇప్పుడు ఆమెకు సాయమా, భారమా? ఈ ప్రశ్న వేయడం నాకు కష్టమైంది. కానీ వేయకుండా ఏర్పాట్లు చేస్తూ పోతే ఆమెకూ పిల్లికీ ఇద్దరికీ అన్యాయం చేసినవాణ్ని అవుతాను. పిల్లి వల్ల మేలు స్పష్టంగా ఉందని, బరువంతా ఒక్కర్తే మోయాలన్న భయమే ఆమెను కుంగదీస్తోందని జవాబు వచ్చింది. ఆ జవాబు ఉంది కాబట్టే తర్వాతి అడుగు వేశాను.

ఒప్పందానికి ఒక పేజీ జోడించాం. అందులో మొదటి వాక్యం: విద్యార్థి ఏదైనా ఇబ్బందిని 24 గంటల్లోపు తనంతట తాను చెబితే దాన్ని ఉల్లంఘనగా లెక్కించం. హౌసింగ్ డైరెక్టర్ దీనికి వెంటనే ఒప్పుకోలేదు. ‘ఇలా అయితే ఎవరైనా రోజూ ఒక మెసేజ్ పెట్టి లిట్టర్ తీయడం మానేస్తారు’ అన్నారు. నిజంగానే ఆలోచించాల్సిన అభ్యంతరం. లిట్టర్ తీయాల్సిన బాధ్యత ఎక్కడికీ పోదు, అది ఆమె చేతిలో ఉందా, బదులు మనిషి చేతిలో ఉందా అన్నదే మారుతుంది అని చెప్పాను. ఇప్పుడు మనకు తెలిసేది ఫిర్యాదు వచ్చాకే, అంటే అప్పటికే ఉబ్బసం ఉన్న అమ్మాయి ఇబ్బంది పడ్డాక. ఆమే ముందు చెబితే రెండు రోజులు ముందుగా తెలుస్తుంది. ఆ రెండు రోజుల మాట మీద ఆయన ఒప్పుకున్నారు, ఆరు వారాలు చూసి నిర్ణయిద్దామన్న షరతుతో.

తర్వాత ఆమె, నేను కూర్చుని చెడ్డ రోజు ప్రణాళిక రాశాం. మంచం దిగగలిగితే చేయాల్సినవి మూడే: నీళ్లు మార్చడం, తిండి కొలిచి పెట్టడం, లిట్టర్‌లో ఉండలు తీసి సంచి కట్టడం. ఆమె చేత గడియారం పెట్టి చేయించి చూశాను, తొమ్మిది నిమిషాలు పట్టింది. ‘తొమ్మిదేనా?’ అంది. ఆమె మనసులో అది గంట పని. ఆ తొమ్మిది నిమిషాలు కూడా కుదరని రోజుకు ఇంకో మెట్టు. హాస్టల్ బయట ఉండే ఇద్దరు స్నేహితులకు ‘ఇవాళ నువ్వు’ అని రెండు మాటల మెసేజ్. కారణం చెప్పక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. ఏమని రాయాలో తేల్చుకోలేకే ఆమె ఇన్నాళ్లు ఫోన్ పక్కన పెట్టేసింది, కాబట్టి రాయాల్సిన మాటలు ముందే ఖాయం చేశాం. యూనిట్‌లో ఉన్న మిగతా అమ్మాయిలను ఇందులో కలపలేదు. పక్క గదిలో ఉన్నందుకు ఎవరి మీదా పిల్లి బాధ్యత పడకూడదు. అడిగితే కాదనలేక ఒప్పుకుంటారు కూడా. స్నేహితుల్లో ఒకరికి గదికి వచ్చి పనిచేసి వెళ్లే అనుమతి, అవసరమైతే పిల్లిని తన అపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్లే అనుమతి రాసి హౌసింగ్ ఫైల్లో పెట్టాం. తాళంచెవి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం, అందుకని ఫ్రంట్ డెస్క్ దగ్గర గుర్తింపు కార్డు చూపిస్తే సిబ్బంది వెంట వచ్చి తలుపు తీసేలా ఏర్పాటు చేశాం.

పిల్లి వైపు మార్పులు వెట్ చెప్పినట్టే. మూత లేని మామూలు లిట్టర్ బాక్సులు రెండు, గదికి ఆ చివరా ఈ చివరా. సెంటు లేని లిట్టర్. ఒంట్లోకి నీళ్లు ఎక్కువ చేరేలా తడి తిండి. అల్మరా పైన ఒక అట్టపెట్టె, కిటికీ దగ్గర కూర్చునే చోటు. కార్పెట్‌కు ఎంజైమ్ క్లీనర్. వారం తనిఖీలు ఆపేశాం, వాటి బదులు పదిహేను రోజులకోసారి ఆమె నా ఆఫీసుకు వచ్చి పదిహేను నిమిషాలు మాట్లాడాలి. మరమ్మతులకు వచ్చేవారు ఒక రోజు ముందు చెప్పాలి, ఆమె పిల్లిని క్యారియర్‌లో (పిల్లిని మోసుకెళ్లే పెట్టెలో) పెట్టి ఉంచాలి. తలుపు మీద ‘లోపల పిల్లి ఉంది, తలుపు వెంటనే మూయండి’ అని బోర్డు. ప్లంబర్ వచ్చిన రోజుకే ఆ బోర్డు ఉండి ఉంటే ఆ గంట తప్పేది.

పక్క గది అమ్మాయి విషయంలో నేను చేయగలిగింది తక్కువ. ఆమె ‘అసలు ఆ పిల్లి ఎందుకు?’ అని అడిగితే చెప్పే హక్కు నాకు లేదు. అది అనుమతి ఉన్న సదుపాయం అనే చెప్పగలను. కారణం చెప్పకుండా ఓపిక పట్టమని అడగడం ఎంత పెద్ద కోరికో నాకు తెలుసు. అందుకే ఆమెకు ఒక గడువు ఇచ్చాను. చలికాలం సెలవులు అయ్యేలోపు ఇద్దరిలో ఒకరు వేరే యూనిట్‌లో ఉంటారు, కదిలేది మీరు కాదు అని. ఆ మాట నిలబెట్టుకోవడానికి హౌసింగ్ వాళ్లు చాలా శ్రమపడ్డారు. జనవరిలో కార్పెట్ లేని, కింది అంతస్తులోని సింగిల్ గది ఒకటి ఖాళీ అయితే పిల్లి ఉన్న అమ్మాయికి ఇచ్చాం. అద్దె తేడా ఆమె మీద వేయలేదు, ఆ మార్పు సదుపాయంలో భాగం కాబట్టి. ఆ నిర్ణయం నవంబరులోనే తీసుకుని ఉండాల్సింది. ఉబ్బసం ఉన్న అమ్మాయి ఆ రెండు నెలలు అనవసరంగా భరించింది.

ప్రణాళికకు పరీక్ష

ఫిబ్రవరిలో ఆమెకు జబ్బు బాగా ముదిరింది. తనే ఫోన్ చేసి ఆసుపత్రిలో చేరింది, నాలుగు రోజులు ఉంది. అంబులెన్స్ ఎక్కే ముందు పెట్టిన మెసేజ్ ‘ఇవాళ నువ్వు’. మూడు గంటల్లోపు స్నేహితురాలు వచ్చి పిల్లిని తీసుకెళ్లింది. ఒక లోపం బయటపడింది. వెట్ రాసిన తిండి పేరు, మందు మోతాదు ఎక్కడా రాసి లేవు, అవి ఆమె ఫోన్లో ఉన్నాయి, ఫోన్ ఆసుపత్రి లాకర్లో ఉంది. స్నేహితురాలు తన ఇంట్లో ఉన్న పొడి తిండి పెట్టింది. రెండో రోజు క్లినిక్‌కు ఫోన్ చేస్తే, యజమాని అనుమతి లేనిదే వివరాలు చెప్పలేమన్నారు. ఆమె ఇంటికొచ్చాక ఇద్దరం ఆ పేజీని సరిచేశాం. తిండి, మందులు, టీకా పత్రం కాపీ, క్లినిక్‌లో స్నేహితురాలి పేరు నమోదు. అన్నీ ఒక కవర్లో పెట్టి పిల్లి క్యారియర్‌కు కట్టేసింది. క్యారియర్ తీస్తే కవర్ కూడా వెళ్తుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఒక మాట చెప్పింది. ఫోన్ చేసి తనంతట తాను చేరడానికి కారణం, పిల్లికి దిక్కు ఉందని తెలియడం. నవంబరులో అదే స్థితి వచ్చి ఉంటే పిల్లిని వదిలి వెళ్లేదాన్ని కాదు అంది. నేను ఈ ప్రణాళికను పిల్లి కోసం, పక్క గది అమ్మాయి కోసం రాశాననుకున్నాను.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

అనుమతి ఇచ్చేటప్పుడు ఆరు పేజీలు చదివించడం మానలేదు. నిబంధనలు అవసరమే, వాటిలో ఒక్కటీ తీసేయలేదు. కానీ వాటికంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీరు మంచం దిగలేని రోజు దీన్ని చూసేదెవరు? చాలామంది ముందు ‘అలా జరగదు’ అంటారు. కొందరు తల్లిదండ్రులు ఫోన్లో ‘మా అమ్మాయి చాలా బాధ్యత గల పిల్లండీ’ అంటారు. నిజమే, కాదనను. మీ అమ్మాయి గుణం గురించి కాదండీ, జబ్బు గురించి అడుగుతున్నాను అని చెప్తాను. పేరు చెప్పేదాకా అనుమతి ఆపుతామని కాదు, అలా ఆపే హక్కు మాకు లేదు. ఆ పేరు వెతకడంలో సాయం చేస్తాం. ఎవరూ లేనివాళ్లుంటారు, ముఖ్యంగా వేరే దేశాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. వాళ్లకు డబ్బు తీసుకుని జంతువులను ఉంచుకునే బోర్డింగ్ చోట్లు, వాటి నిబంధనలు ముందే చూపిస్తాం. చాలా బోర్డింగ్ చోట్ల టీకా పత్రం లేనిదే చేర్చుకోరు, ఆ సంగతి అర్ధరాత్రి తెలియకూడదు.

గది కేటాయించే ముందే యూనిట్‌లో ఎవరికైనా ఉబ్బసం, అలర్జీ ఉన్నాయేమో హౌసింగ్ వాళ్లు ఇప్పుడు అడుగుతున్నారు. పిల్లి వెళ్లిపోయాక కూడా ఆ ప్రొటీన్ కార్పెట్‌లో, పరుపులో నెలల తరబడి ఉంటుంది. అందుకని ఖాళీ అయిన గది ఎవరికి ఇస్తున్నామో కూడా చూసుకోవాలి.

ఇంకొకటి పశువైద్యానికి సంబంధించింది. ఇంట్లో శుభ్రంగా ఉండే పిల్లి గానీ కుక్క గానీ హఠాత్తుగా పాడు చేయడం మొదలుపెడితే, అది క్రమశిక్షణ ఫిర్యాదుగా నా దగ్గరికి వచ్చినా సరే, ముందు వెట్‌కు చూపించమంటాను. లేఖలు తర్వాత.

మే నెలలో ఆమె సింగిల్ గది ఖాళీ చేసింది. అందులో ఏ నష్టమూ లేదు. పాత యూనిట్‌లో మంచం కింది కార్పెట్ ముక్క మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఆమె ఖాతాలో వేశాం. వేసే ముందు నేను చాలాసేపు ఆలోచించాను, ఆ ముక్క పాడవడంలో మా తనిఖీల వంతు కూడా ఉందని. చివరికి ఖర్చులో కొంత భాగమే ఆమెకు లెక్క కట్టమని హౌసింగ్‌కు రాశాను, వాళ్లు ఒప్పుకున్నారు. బిల్లు పంపిన మర్నాడే ఆమె కట్టేసింది. రసీదుతో పాటు వచ్చే ఏడాది ఒప్పందం కూడా పంపింది, మొదటి పేజీలోనే రెండు పేర్లు రాసి.